అయస్కాంతాల సూరయ్య

సూరయ్యను నేను మొదటిసారి చూసినప్పుడు అతను మా రైసుమిల్లులో వడ్లు పోసే తొట్టి మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ లోపలికి చాచి దేన్నో లాగుతున్నాడు. కాసేపటికి, మిల్లులో కొత్తగా పెట్టించిన చట్రానికి బిగించిన కడ్డీల వరస ఒకటి పైకొచ్చింది. కడ్డీల ఒంటినిండా మేకులు, తీగముక్కలు, బోల్టులు, విరిగిన కొడవలి మొన ఒకటీ అంటుకుని ఉన్నాయి. నేను వ్యవసాయదారుల ఇంట పుట్టినవాణ్ణే. అయినా మా వడ్లలో ఇంత ఇనుముంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇదంతా రోజూ మేం తింటున్నామా అని అడిగాను. ఇన్నాళ్లూ తిన్నారు, ఇక తినరు అని అతను నవ్వకుండా జవాబు చెప్పాడు.

రాజాంలో ఆ మిల్లుకు నేను గుమస్తాని. మిల్లుకు వచ్చేపోయే వాళ్లంతా మాటకారులే. బేరం చేసేవాడికి, చేయించేవాడికి, మధ్యలో నిలబడి చూసేవాడికి కూడా నోరు మూతపడదు. ఆ గోలలో సూరయ్య వచ్చి, కడ్డీలు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి వెళ్లిపోయేవాడు. నేనైతే మాట తక్కువ మనిషిని వెంటనే నమ్ముతాను. అది నా బలహీనత అని నా భార్య లక్ష్మీనరసమ్మ అంటుంది. ఊరు మాత్రం అతనికి అయస్కాంతాల సూరయ్య అని పేరు పెట్టేసి ఊరుకుంది. ఎదుటివాడికి పేరు పెట్టే పనిలో మా ఊరికి ఎప్పుడూ బద్ధకం లేదు.

అతను పుట్టింది కళింగపట్నానికి దిగువన, సముద్రం ఒడ్డు పల్లెలో. తాతదీ తండ్రిదీ చేపల వేటే. సూరయ్య కూడా మీసాలు రాకముందే వేటకెళ్లాడు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి, ఒడ్డుకి లాగి కట్టిన అతని పడవను నడిమికి విరగ్గొట్టింది. వలలు ఇసుకలో కూరుకుపోయాయి. మళ్లీ పడవ కట్టించే ఓపిక అతనికి లేకపోయింది. ఒడ్డున కూర్చుని సముద్రం వైపు చూడ్డం తప్ప ఏ పనీ చేయని మొగుణ్ణి భార్య కూర్మమ్మ కొన్నాళ్లు చూసింది. ఆ తర్వాత సామాను ఆటోలో వేసి రాజాం తీసుకొచ్చింది. ఇక్కడ ఆమె చుట్టాలు చేపలమ్ముకుని బతుకుతున్నారు. తెల్లారేసరికి ఒడ్డునుంచి ఆటోలో చేప వస్తే, ఆడవాళ్లు పంచుకుని తలో దిక్కు వీధుల్లోకి వెళ్తారు. కూర్మమ్మ వాటాకి మా వీధీ, చుట్టుపక్కల వీధులూ వచ్చాయి.

సూరయ్యకి బొబ్బిలి రోడ్డులో గణపతిరావు షెడ్డులో పని దొరికింది. గణపతిరావు రైసుమిల్లులకు అయస్కాంతపు చట్రాలు తయారుచేసి, బిగించి, నెలనెలా శుభ్రం చేయించే మనిషి. వల లాగిన చేతులు బలంగా ఉంటాయని సూరయ్యను పెట్టుకున్నాడు. ఆ లెక్క తప్పలేదు.

ఈ అయస్కాంతాల సంగతి నాకు ఎవరూ బడిలో చెప్పలేదు. తెలిసిందంతా వాళ్లిద్దరి దగ్గర విన్నదే. పాత రేడియోల్లో ఉండే నల్లరాయి రకం కాదట. నియోడిమియం అనే ధాతువును ఇనుముతోనూ బోరాన్‌తోనూ కలిపి కరిగించి, మెత్తటి పొడి చేసి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాలుస్తారు. పైన నికెల్ పూత వేస్తారు. చూడ్డానికి కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తాయి గాని, చేతినుంచి జారితే పెంకులా పగిలిపోతాయి. రేర్ ఎర్త్ అయస్కాంతాలని వాటి పేరు. షెడ్డులో అందరూ రేరెత్తు అంటారు. సరుకు చైనానుంచి వస్తుంది. ఆ ధాతువు మన ఒడ్డు ఇసుకలోనూ కలిసి ఉంటుందని గణపతిరావు ఒకసారి అన్నాడట. తాను చిన్నప్పుడు పొర్లిన ఇసుకలోనే ఉన్న సరుకుని పరదేశపు అట్టపెట్టెల్లోంచి తీసుకోవడమేమిటని సూరయ్య చాలాకాలం తెగ ఆలోచించాడు.

బిళ్లలు షెడ్డుకు వచ్చేటప్పుడు వాటిలో ఏ గుణమూ ఉండదు. మేకు పక్కన పెడితే మేకు అలాగే పడి ఉంటుంది. రాగితీగ చుట్ట మధ్యలో పెట్టి ఒక్క క్షణం పెద్ద కరెంటు వదిలితే ఢక్కుమని చప్పుడవుతుంది. ఇక ఆ బిళ్ల అయస్కాంతమే, పాడుచేస్తే తప్ప దాని గుణం పోదు. ఆ మీట నొక్కే పని సూరయ్యది. తర్వాత బిళ్లల్ని స్టీలు గొట్టంలో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అదీ మామూలుగా కాదు, ఒకే ధ్రువం ఉన్న మొగాలు ఎదురెదురుగా వచ్చేలా పేర్చాలి. అప్పుడే కడ్డీ పైకి పట్టు ఎక్కువ. కాని ఒకే మొగాలు ఎదురుపడితే అవి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. మధ్యలో ఏమీ కనబడదు, చెయ్యి మాత్రం వెనక్కి పోతుంది. బలమంతా పెట్టి నొక్కి, మర బిగించాలి. పట్టు తప్పితే వేలు నలుగుతుంది. సూరయ్య ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు. సముద్రం ఎన్నడూ తీసుకోని గోరు ఈ బిళ్లలు తీసుకున్నాయని చూపించేవాడు. అయినా ఆ పనంటే అతనికి గౌరవం. కంటికి కనబడని లాగుడుతో బతకడం అతనికి పడవ మీద అలవాటైన సంగతే.

ఇక కూర్మమ్మ గురించి చెప్పాలి. పొడుగు మనిషి. నెత్తిన బుట్టతో వీధి మలుపు తిరిగేలోపే ఆమె గొంతు మా వంటింట్లోకి వచ్చేది. మా లక్ష్మీనరసమ్మతో ఆమె బేరం వింటే ఇద్దరూ జన్మలో మళ్లీ మాట్లాడుకోరనిపిస్తుంది. మర్నాడు మళ్లీ అదే అరుగు మీద ఇద్దరూ కూర్చుని ఉంటారు. చేప బాగోలేని రోజు ఆమే ముందు చెప్పేసేది, ఇవాళ మీకొద్దమ్మా అని. అందుకే ఆమెకు ఇళ్లు స్థిరపడ్డాయి. ఆ ఇళ్లను ఆమె నా ఇళ్లు అనేది. అవును మరి, మేం కట్టుకున్నా అవి ఆమె ఇళ్లే.

వేటపల్లెల వాళ్లలో ఒక పట్టింపు ఉంది. వేట మగవాడిది, అమ్మకం ఆడదానిది. అమ్మిన డబ్బులు ఆమె చిల్లర సంచిలో, ఆ సంచి ఆమె జాకెట్టు లోపల ఎడమవైపు ఉంటుంది. కట్టుకున్న మొగుడైనా ఆ సంచి ముట్టుకోడు. ముట్టుకుంటే వల ఖాళీగా వస్తుందని పెద్దవాళ్లు చెప్పారట. వల లేకపోయినా, రాజాం వచ్చేసినా, సూరయ్య ఆ పట్టింపు వదల్లేదు.

కూర్మమ్మకు ఒక ఇబ్బంది ఉండేది. బుట్ట దించడానికి వంగినప్పుడల్లా మూతి ముడి వదులై సంచిలోంచి చిల్లర జారిపోయేది. ఆమె వీధిలో కూర్చుని మట్టిలో చిల్లర ఏరుకుంటుంటే సూరయ్య ఒకసారి చూశాడు. షెడ్డులో అంచులు పెచ్చులూడి పక్కన పడేసిన చిన్న బిళ్లలు రెండు అడిగి తెచ్చుకున్నాడు. పాత పంచె ముక్కతో సంచి కుట్టి, మూతికి అటొకటి ఇటొకటి ఆ బిళ్లలు లోపల పెట్టి, వల అల్లే దారంతో, వల అల్లే ముడితోనే బిగించాడు. సంచి మూతి దానంతటదే టక్కున మూసుకునేది. మన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు కూడా వాటికి అంటుకుంటాయి, కాబట్టి వంగినా ఒక్కటి రాలేది కాదు. ఆ సంచిని కూర్మమ్మ మా ఇంట్లో అందరికీ చూపించింది. మా మావ కుట్టినాడు అని చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాల్సిందే. పెళ్లయి అన్నేళ్లయ్యాక మొగుడిచ్చిన వస్తువు చూపించుకుని అంత మురిసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇచ్చిన రోజు తర్వాత సూరయ్య మాత్రం దాన్ని ముట్టుకోలేదు.

రెండేళ్లు గడిచాయి. 2017 ఎండాకాలంలో కూర్మమ్మ కళ్లు తిరిగి పడిపోవడం మొదలైంది. మొదట ఎండ అనుకున్నారు. ఒకనాడు కుళాయి దగ్గర పడి చాలాసేపు లేవలేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. గుండె కొట్టుకోవాల్సిన దానికన్నా బాగా నెమ్మదిగా కొట్టుకుంటోందని, మధ్యమధ్యలో ఆగుతోందని చెప్పి, ఎడమ భుజం కింద చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. గుండె ఆలస్యం చేసినప్పుడు అందుకుని కొట్టించే చిన్న యంత్రమది. ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పారు. కొన్నాళ్లు ఎడమచెయ్యి పైకెత్తకూడదు, సెల్‌ఫోన్ కుడిచెవి దగ్గరే పెట్టుకోవాలి, అయస్కాంతాల దగ్గరకు పోకూడదు.

ఆ చివరిమాట విన్న రోజునుంచి సూరయ్య మనిషి మారిపోయాడు. షెడ్డులో వేసుకున్న బట్టలు షెడ్డులోనే వదిలేసేవాడు. అక్కడి కుళాయి కింద ఒళ్లంతా రుద్దుకుని, గోళ్ల సందుల్లో ఇనపరజను లేకుండా చూసుకుని ఇంటికెళ్లేవాడు. ఇంట్లో ఉన్న పాటల పెట్టె స్పీకర్లో అయస్కాంతముంటుందని దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. బీరువా తలుపుకున్నది కూడా ఊడదీశాడు. భార్యకు దూరంగా గుమ్మం దగ్గర పడుకునేవాడు. నీ ఒంటికి అంటుకొచ్చేది కాదయ్యా అది, బిళ్ల దగ్గరుంటేనే ప్రమాదం అని గణపతిరావు ఎంత చెప్పినా వినలేదు.

జాకెట్టులో ఉన్న సంచి మాత్రం అతనికి తట్టలేదు. ఇప్పుడు చెబుతుంటే మీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది, ఇంత చిన్న విషయం వీళ్లకెలా తోచలేదని కూడా అనుకుంటారు. అనుకోవచ్చు. రెండేళ్లుగా వాడుతున్న వస్తువు అయస్కాంతంలా కనబడదు, అది కూర్మమ్మ సంచి అంతే. పైగా అది జాకెట్టు లోపల కనబడని చోట ఉండే, మొగుడి చెయ్యి పడకూడని వస్తువు. ఊళ్లో ఉన్న అయస్కాంతాలన్నీ లెక్కపెట్టమంటే సూరయ్య ఆ రెండూ వదిలేసి మిగతావన్నీ చెప్పేవాడు.

గాయం మానాక కూర్మమ్మ మళ్లీ బుట్ట ఎత్తింది. మొదటిరోజే మా అరుగు మీద కూలబడింది. గుండె పరిగెడతన్నాదమ్మా, ఆగమన్నా ఆగట్లేదు అంది. లక్ష్మీనరసమ్మ ఫ్యాను వేసి మంచినీళ్లిచ్చింది. ఆ తర్వాత రోజూ ఇదే వరస. ఇంటిదగ్గర బాగుంటుంది, వీధిలోకి వస్తే మొదలవుతుంది. శ్రీకాకుళంలో డాక్టరుకు చూపించారు. ఈసీజీ తీసేటప్పుడు జాకెట్టు విప్పి సంచి పక్కన పెట్టింది. కాగితం మీద గీతలన్నీ చక్కగా వచ్చాయి. యంత్రం బాగానే ఉంది, నీకు భయం అన్నాడాయన.

భయమన్నమాట కూర్మమ్మకి కోపం తెప్పించింది. చిన్నప్పటినుంచి వీధులు తిరిగిన మనిషి వీధికి భయపడుతుందా? సూరయ్యకు మాత్రం వేరే అర్థమైంది. బరువు మొయ్యడం వల్లే గుండె చెడుతోందని తీర్మానించుకున్నాడు. ఆమె చెప్పి చూసింది. ఇంట్లో నీళ్ల బిందెలు మోస్తున్నాను, అప్పుడేమీ అవలేదు, బరువుకే అయితే అక్కడా అవ్వాలి కదా అని. బుట్ట దించి కూర్చున్నా తగ్గట్లేదని కూడా చెప్పింది. అతను వినలేదు. మానెయ్ అన్నాడు. ఆమె మానలేదు.

అప్పుడు సూరయ్య ఒక పని చేశాడు. ఆమె ఇంట్లో ఉన్న సాయంత్రం చూసి, ఆమె ఇళ్లన్నిటికీ వెళ్లాడు. మా గుమ్మానికీ వచ్చాడు. చేతులు జోడించి, కూర్మమ్మ గుండె పాడైపోయిందని, మీరు కొంటున్నంతకాలం ఆమె మానదని, దయచేసి ఆమె దగ్గర చేప కొనొద్దని బతిమాలాడు. కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. ఎవరు కాదంటారు? పైగా కొన్ని ఇళ్లవాళ్లకు ఆ మాట వేరుగా వినబడింది. ఏ క్షణాన పోతుందో తెలియని మనిషి మన గడపలో పోతే ఎలాగని వాళ్ల దిగులు. మనుషుల దయలో ఇలాంటి లెక్క ఎంతుంటుందో ఆ వారంలో నేను బాగా చూశాను, నాకు ఒళ్లు మండిపోయింది.

కూర్మమ్మ వచ్చేది. ఇవాళ వద్దు అనేవాళ్లు, మా ఇంటితో సహా. మర్నాడూ వద్దు. కొందరు తలుపు తీయకుండా కిటికీలోంచి చెప్పేవారు. ఒకావిడ, మెట్లెక్కకు కూర్మమ్మా, అక్కడే ఉండు అందట. చేప బుట్టలోనే ఉండి మధ్యాహ్నానికి మెత్తబడేది. ఎవరూ కారణం చెప్పలేదు. తన మొహంలో ఏదో చావుకళ కనబడుతోందేమోనని ఆమె మా ఇంట్లో అద్దం అడిగి చూసుకుంది. మరి కొద్దిరోజులకు రావడం మానేసింది. ఆ ఇళ్లను ఇంకొకామె తీసుకుంది.

ఇంట్లో కూర్చున్నాక కూర్మమ్మకి గుండె పరుగు తగ్గిపోయింది. డబ్బులు లేవు కాబట్టి సంచితో పనిలేదు, అది గోడ మేకుకి వేలాడుతోంది. చూశావా, నేను చెప్పలేదా అన్నాడు సూరయ్య.  ఆమె మాట్లాడడమే మానేసింది. గోడకు ఆనుకుని కూర్చునేది, వీధిలో ఎవరో చేపలని కేకవేస్తే లేచి తలుపు మూసేది. నా భార్య వెళ్లి చూసి వచ్చి అన్నం తినలేదు.

మరుసటి ఏడాది పెద్దాసుపత్రిలో యంత్రం పరీక్షకి రమ్మన్నారు. తీసుకెళ్లింది సూరయ్యే. అక్కడి డాక్టరమ్మ, మధ్యలో చిల్లున్న అయస్కాంతం ఒకటి తీసి, కూర్మమ్మ ఎడమ భుజం కింద యంత్రం మీద పెట్టింది. బ్యాటరీ ఎంతుందో చూడ్డానికి అలా పెడతారట. అయస్కాంతం ఆనగానే ఆ యంత్రం గుండె మాట వినడం మానేసి తన లెక్కన తాను గబగబా కొట్టిస్తుందట. బల్ల మీద పడుకున్న కూర్మమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇదే" అంది. "వీధిలో నాకు ఒచ్చింది ఇదేనమ్మా. ఇలాగే పరిగెట్టీది."

డాక్టరమ్మ అయస్కాంతం తీసింది. తగ్గింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. మీ ఇంట్లోగాని, మీరు మోసే బుట్టలోగాని అయస్కాంతం ఏమైనా ఉందా అని అడిగింది. కూర్మమ్మ లేదంది. మావ అన్నీ తీసేశాడమ్మా, స్పీకరు కూడా తీసేశాడు అంది. సూరయ్య కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి అప్పుడు తట్టింది. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పకుండానే భార్యను తీసుకుని బయటికొచ్చేశాడు.

ఆ మర్నాడు అతను మా మిల్లుకు వచ్చాడు. కడ్డీలు తీసే రోజు కాదు. వడ్ల బస్తాల చాటున కూర్చుని, జరిగిందంతా నాకు చెప్పాడు. ఆసుపత్రి నుంచి వచ్చే దారంతా బస్సులో భార్య అతని భుజానికి ఆనుకుని నిద్రపోయిందట. సంచి మూతి విప్పి బిళ్లలు తీసేసి, అలాగే మళ్లీ కుట్టేస్తే ఆమెకెప్పటికీ తెలియదని అతనికి తోచింది.

"సెప్పకపోతే ఏటవుతాది బాబూ?" అన్నాడు.

 చెప్పకపోతే ఏమవుతుందో అతనికే తెలుసు. వీధిలో నడిస్తే తన గుండె పరిగెడుతుందని ఆమె నమ్మిన నమ్మకం అలాగే ఉండిపోతుంది. తన ఇళ్లు తనను వద్దన్నది తన జబ్బు చూసేనని అనుకుంటూ ఆ గోడకే ఆనుకుని ముసలిదైపోతుంది. అతని పరువు, ఆ సంచి మీద ఆమెకున్న మురిపెం మిగులుతాయి. చెబితే అవి రెండూ పోతాయి. సూరయ్య గోరులేని వేలు రుద్దుకుంటూ కూర్చుని, లేచి వెళ్లిపోయాడు.

ఇంట్లో జరిగింది తర్వాత కూర్మమ్మ నోటినుంచి లక్ష్మీనరసమ్మ విన్నది. మొగుడు ఇంటికొచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నీ సంచి ఒకసారి ముట్టుకోవచ్చా అని అడిగాడు. అలా అతను ఎన్నడూ అడగలేదు కాబట్టి ఆమెకు భయం వేసింది. గోడనుంచి సంచి తీసి, ఆమెకు దూరంగా పెట్టి, పక్కన ఒక మేకు పెట్టాడు. మేకు ఎగిరి సంచిని కరుచుకుంది. అంతా చెప్పాడు. నిన్ను చంపబోయాను అన్నాడు. తలమీద కొట్టుకున్నాడు.

కూర్మమ్మ అతని చేతులు పట్టుకుని ఆపింది. తెలియక కుట్టావు, దానికేం చేస్తాం అంది. అంత సులువుగా వదిలేసరికి సూరయ్యకు ఇంకా ఏడుపొచ్చింది. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. కాని ఒకసారి తెరిచిన నోరు కదా, ఇళ్లకు వెళ్లి చేప కొనొద్దని చెప్పింది కూడా తానేనని చెప్పేశాడు. అప్పుడు ఆమె చేతులు వదిలేసింది.

"సంచి తెలీక కుట్టినావు మావా" అంది. "గుమ్మాలకాడ సెప్పింది తెలిసే సెప్పినావు. నా గుండె సంగతి నాను సెప్తే నువ్వు ఇన్నేదు. నాకు సావుకళ ఒచ్చిందనుకున్నాను నాను."

 రాత్రి అతను, ఇక ఆ బిళ్లలే వద్దు, కావాలంటే షెడ్డు పని మానేస్తానన్నాడు. పని ఎందుకు మానాలి, పని ఏం చేసింది అంది. నువ్వు చెప్పిన ప్రతి గుమ్మానికీ నా వెనకాల వచ్చి, నువ్వే చెప్పాలి అంది. అంతకుమించి ఏ శిక్షా వేయలేదు.

మరుసటి పొద్దున నేను అరుగు మీద పళ్లు తోముకుంటున్నాను. వీధి మలుపులో కూర్మమ్మ కనబడింది. నెత్తిన బుట్ట ఉంది. చిల్లర కొంగుకి ముడేసుకుంది. కేక వేయడం లేదు. వెనక కొంచెం దూరంగా, తలవంచుకుని సూరయ్య. వరసగా ఒక్కో గుమ్మం ముందు ఆగుతున్నారు. ఆమె వీధిలోనే నిలబడుతోంది, అతను మెట్టెక్కి ఏదో చెబుతున్నాడు. జనం బయటకు వచ్చి చూస్తున్నారు. మా పక్కింటావిడ, ఆ మెట్లెక్కకు అన్నావిడే, తలుపు సగం తీసి విని, మళ్లీ వేసేసుకుంది. నా మనసు చివుక్కుమంది. కూర్మమ్మ మాత్రం ఆ తలుపు వైపు కాసేపు చూసి మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది.

సూరయ్య మా మెట్టు ఎక్కాడు. నన్ను చూడగానే అతనికి దుఃఖం ఆగలేదు. మిల్లులో నాతో చెప్పుకున్న మనిషి కదా. లోపలినుంచి లక్ష్మీనరసమ్మ కూడా వచ్చి నిలబడింది.

"నాది తప్పైపోయింది బాబూ" అన్నాడు. "పాపిస్టిది నా సెయ్యే. నా సేతుల్తో నానే కట్టుకున్నదాన్ని..."

మాట పూర్తికాలేదు. పంచె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. కూర్మమ్మ వీధిలోంచి, బుట్ట కదలకుండా చేత్తో పట్టుకుని, నెమ్మదిగానే అంది.

"అది సెప్పమన్నేదు నిన్ను. నా గుండె బాగున్నాదని సెప్పు."

సూరయ్య లేచాడు. మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"బాబుకేసి కాదు, అమ్మగారితో సెప్పు" అని ఆమె మళ్లీ అంది. "కొనీది ఆవిడ."

అతను నా భార్య వైపు తిరిగి, చేతులు జోడించకుండా, తల ఎత్తి చెప్పాడు.

"కూర్మమ్మ గుండె బాగున్నాదమ్మా."

అప్పుడామె మెట్టెక్కి, మా అరుగు మీద బుట్ట దించింది.